ఎన్ని ఫిర్యాదులైతే ఒక క్రషర్ ఆగుద్ది?

మీ మండలంలో మీకు బాగా తెలిసిన ఒక చోటు ఉంటుంది. పేరు చెప్పక్కర్లేదు, ఈపాటికే మీ కళ్ళ ముందుకి వచ్చేసి ఉంటుంది. అది క్రషర్ కావచ్చు, రోడ్డు మలుపులో దాబా కావచ్చు, ఆశ్రమ పాఠశాల వెనక బెల్టు షాపు కావచ్చు, వాగు ఒడ్డున టెంట్లు వేసిన రిసార్టు కావచ్చు. అక్కడ ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది. జరిగినప్పుడల్లా నలుగురు పోగవుతారు, ఎవరో ఒకరు కాగితం రాస్తారు, ఆ కాగితం పట్టుకుని సోమవారం గ్రీవెన్సుకి పోతారు. కొన్నాళ్ళకి ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, మీ అర్జీ పరిష్కరించబడింది అని. ఆ చోటు మాత్రం ఎలా ఉన్నది అలాగే ఉంటుంది.

నేను అడిగేది ఒక్కటే. ఆ చోటు మీద ఇప్పటిదాకా మొత్తం ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో ఎవరి దగ్గరైనా లెక్క ఉందా?

మా వైపు ఒక క్రషర్ ఉంది. యజమాని పేరు రాయను, రాస్తే చర్చంతా ఆయన మీదకి పోద్ది. పోయిన వేసవిలో మేం కొంతమంది కుర్రాళ్ళం, ఇద్దరు చెల్లెళ్ళు కలిసి ఇంటింటికీ తిరిగి, ఆ క్రషర్ మీద ఎవరెవరు ఏమేం రాసిచ్చారో ఆ నకళ్ళన్నీ పోగేశాం. కొన్ని ట్రంకు పెట్టెల్లో ఉన్నాయి, ఒకటి ఆధార్ కార్డుతో పాటు ప్లాస్టిక్ కవర్లో ఉంది, ఇంకోటి ఇంటి చూరులో దోపి ఉంటే సగం చెదలు తినేసింది. మొత్తం ఏడు దొరికాయి. పేలుళ్ళకి గోడ బీటలు వారిందని తహసీల్దారుకి ఒకటి. టిప్పర్ గుద్ది ఎద్దు చచ్చిపోయిందని పోలీసులకి ఒకటి. పట్టా కప్పని లారీ మీంచి రాయి జారిపడి బడికి పోయే పిల్లాడి తల పగిలిందని మళ్ళీ పోలీసులకే ఇంకోటి, కానీ అప్పటికి ఎస్సై మారిపోయాడు. దుమ్ము పడి జీడిమామిడి పూత మాడిపోయిందని వ్యవసాయ శాఖకి, బోరు నీళ్ళు తెల్లగా వస్తున్నాయని ఐటీడీఏకి, చీకటి పడ్డాక పేలుళ్ళు చేస్తన్నారని గనుల శాఖకి. ఏడోది బడి పంతులుగారు తన పై ఆఫీసరుకి రాసింది, పిల్లలు దగ్గుతున్నారని.

ఏడు కాగితాలూ నేల మీద వరసగా పరిచి చూస్తే విషయం అర్థమైంది. ఏడుగురు వేరువేరు మనుషులు, ఏడు వేరువేరు రోజుల్లో, ఒకే ఒక్క గేటు గురించి రాశారు. కానీ ఒక్కో ఆఫీసుకి అది మొదటి ఫిర్యాదే! పోలీసు స్టేషన్లో రెండున్నా, ఒకటి పశువు కేసు, రెండోది యాక్సిడెంటు కేసు. రెండిట్లోనూ నిందితుడు డ్రైవరే, ఆ డ్రైవరూ ఒకడు కాదు. క్రషర్ మాత్రం ఏ కాగితంలోనూ రెండోసారి తప్పు చేసినట్టు లేదు.

మన మీద జరుగుతున్నది ఇదే. మనం ఫిర్యాదు చెయ్యక కాదు, చెయ్యడం తెలియక కూడా కాదు. మనవాళ్ళకి చదువు లేదు, అవగాహన లేదు అని మీటింగుల్లో మైకు పట్టుకుని చెప్పేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుద్ది. చదువు రాని ముసలాయన వేలిముద్ర వేసి మరీ నకలు దాచుకున్నాడు. ఆఫీసులే దాచుకోలేదు.

ఎందుకిలా అవుతుందో కొంచెం వివరంగా చూద్దాం. ఓవర్‌లోడు సంగతి తీసుకోండి. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించాక, పరిమితి దాటి బరువు వేస్తే 20,000 రూపాయల జరిమానా, ఆపైన ఎక్కువైన ఒక్కో టన్నుకి 2,000 రూపాయలు. వినడానికి గట్టి శిక్షే. కానీ చలానా రాసేది లారీ నంబరు మీద. పది లారీలకి పది చలానాలు పడితే అవి పది మంది ఓనర్ల తప్పులుగా కనపడతాయి. ఆ పదింటిలోనూ రాయి నింపి, గేటు తీసి రోడ్డు మీదకి పంపింది ఒకే చోటని చెప్పే గడి చలానా కాగితంలో లేదు. దుమ్ము కాలుష్య నియంత్రణ మండలి పని, పేలుడు మందు ఇంకొకరి పని, లీజు గనుల శాఖది, రోడ్డు ఆర్ అండ్ బీది. ప్రతి శాఖా తన ముక్క వరకే చూస్తుంది. ప్రమాదం మాత్రం ముక్కలుగా రాదు, మొత్తంగా వచ్చి మన మీద పడుద్ది.

గోదావరి మీద జరిగిందీ ఇదే. 2018 మే 11న దేవీపట్నం దగ్గర పాపికొండలు పోయే టూరిస్టు బోటు మంటల్లో కాలిపోయింది. జనం బతికి బయటపడ్డారు కాబట్టి నాలుగు రోజుల వార్త అయింది. సరిగ్గా నాలుగు రోజులకే, మే 15న, మంటూరు దగ్గర గాలివానకి లాంచీ మునిగింది. అందులో పోయినవాళ్ళు ఎక్కువమంది మన గిరిజన గ్రామాల వాళ్ళే. తర్వాత పదహారు నెలలకి, 2019 సెప్టెంబర్ 15న, కచ్చులూరు దగ్గర టూరిస్టు బోటు తిరగబడింది. 77 మంది ఎక్కితే 26 మంది బతికారు. వాళ్ళని నీళ్ళలోంచి లాగింది ఎవరు? నాటు పడవలేసుకుని పోయిన ఒడ్డు ఊళ్ళ జనం.

ఆ మూడింటికీ ఓనరు ఒకడు కాదు, బోటు ఒకటి కాదు. అయినా నది ఒకటే, వ్యాపారం ఒకటే, పదహారు నెలల్లో మూడుసార్లు. కచ్చులూరు దగ్గర నీళ్ళు ఎలా తిరుగుతాయో, వరద మీద ఏ పడవ ఆ మలుపు దాటకూడదో ఒడ్డున ఉండే మనిషికి తెలుసు. బోటు కదిలే ముందు ఆ మనిషిని అడిగే పద్ధతి ఎక్కడా లేదు. ప్రమాదం తర్వాత కంట్రోల్ రూములు వచ్చాయి, మంచిదే. ఇంతమంది పోయాక గానీ ఆ పద్ధతి రాలేదు, వచ్చినదాంట్లో కూడా ఆ ఒడ్డు ఊళ్ళ గ్రామసభకి చోటు లేదు. శవాలు వెతకడానికి మాత్రం మన పడవలు కావాలి.

ఇక చట్టం దగ్గరికి వద్దాం. ఇక్కడ కొంచెం ఓపిగ్గా చదవండి, ఎందుకంటే రేపు ఆఫీసులో నిలబడేది మీరు. పెసా చట్టం 1996 డిసెంబర్‌లో వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లో పంచాయతీరాజ్ చట్టంలో చేర్చారు, నియమాలు రావడానికి మాత్రం 2011 దాకా పట్టింది. పెసా ప్రకారం గ్రామసభ అంటే పంచాయతీ ఆఫీసు ముందు ఆగస్టు 15కో జనవరి 26కో జెండా ఎగరేశాక సెక్రటరీ గారు సంతకాలు పెట్టించుకునేది కాదు. మన గూడెం, లేదా కొన్ని గూడేలు కలిసిన ఊరు, ఆ ఊళ్ళో ఓటరు జాబితాలో పేరున్న ప్రతి మనిషి. అదీ గ్రామసభ.

ఆ సభకి ఉన్న అధికారాల్లో మన విషయానికి పనికొచ్చేవి చూడండి. సెక్షన్ 4(ఎం)లో మొదటిదే మత్తు పదార్థాల అమ్మకాన్నీ వాడకాన్నీ నిషేధించే, నియంత్రించే, పరిమితం చేసే అధికారం. గమనించారా, నిషేధం ఒక్కటే కాదు. నియంత్రణ కూడా. అంటే ఫలానా టైము దాటాక అమ్మొద్దు, బడి దగ్గర అమ్మొద్దు, గొడవ జరిగిన చోట ఇన్నాళ్ళు మూసెయ్యి అని చెప్పడం కూడా అందులోకే వస్తుంది. అదే సెక్షన్లో సంతల నిర్వహణ ఉంది, వడ్డీ వ్యాపారం మీద అదుపు ఉంది. 4(కె) ప్రకారం కంకర, ఇసుక, రాయి లాంటి చిన్నతరహా ఖనిజాలకి లీజు ఇచ్చే ముందు గ్రామసభ గానీ తగిన స్థాయి పంచాయతీ గానీ సిఫారసు చెయ్యాలి, అది తప్పనిసరి.

ఇక్కడ నిజం దాచకూడదు. దాబా గురించో రిసార్టు గురించో పెసాలో ఒక్క మాట లేదు. “ప్రజల భద్రత కోసం వ్యాపారం మూయించవచ్చు” అని ఎక్కడా రాసి లేదు. ఉందని సోషల్ మీడియాలో పోస్టులు పెడుతున్న మిత్రులు దయచేసి ఆపండి, ఆఫీసరు ఒక్కసారి చట్టం పుస్తకం తీసి చూపిస్తే మన మాటంతా తేలిపోద్ది. దాబాకైనా రిసార్టుకైనా మనం పట్టుకోవాల్సిన పిలక వేరే ఉంది. పంచాయతీరాజ్ చట్టం కింద ప్రమాదకరమైన, ఇబ్బంది కలిగించే వ్యాపారాలకి పంచాయతీ లైసెన్సు తీసుకోవాలి. సెక్రటరీలు దాన్నే డి అండ్ ఓ ట్రేడ్ లైసెన్సు అంటారు. మన పంచాయతీల్లో అది ఫీజు వసూలు చేసే రసీదు పుస్తకంలాగే నడుస్తోంది. ఎవరికిచ్చారు, ఏ షరతుతో ఇచ్చారు, రెన్యూవల్ ఎప్పుడు అని సర్పంచుని అడిగి చూడండి. సర్పంచ్ మన మనిషే అయ్యుంటాడు, షెడ్యూల్డు ప్రాంతంలో ఆ పదవి మనదే కదా. ఆయనక్కూడా తెలీకపోవచ్చు. తప్పు పట్టకండి, పక్కన కూర్చుని ఇద్దరూ కలిసి ఫైలు తీయించండి.

ఇంకో దారి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 133గా ఉండేది. 2024 జులై నుంచి అది బీఎన్‌ఎస్‌ఎస్‌లో సెక్షన్ 152. ఏదైనా వ్యాపారం చుట్టుపక్కల జనం ఆరోగ్యానికి గానీ ప్రశాంతతకి గానీ హాని చేస్తుంటే ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటు, అంటే మనకి సబ్ కలెక్టరో ఆర్డీవోనో, దాన్ని ఆపమనో పద్ధతి మార్చుకోమనో ఆదేశం ఇవ్వొచ్చు. 1980లో రత్లాం మునిసిపాలిటీ కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్నే పట్టుకుని, డబ్బుల్లేవని చెప్పి తప్పించుకోవడం కుదరదని మునిసిపాలిటీకి చెప్పింది. అది పట్నం మురుగు కాలవల కేసు, మన గూడేల కేసు కాదు. కానీ సెక్షన్ ఒకటే. క్రషర్ అయితే కాలుష్య నియంత్రణ మండలికి ఇంకో గట్టి అధికారం ఉంది. వాయు కాలుష్య చట్టం 31ఎ కింద యూనిట్ మూసెయ్యమనడమే కాదు, కరెంటు కట్ చెయ్యమని కూడా చెప్పొచ్చు.

చట్టాలు ఇన్ని ఉన్నాయి. మరి అవి ఎందుకు కదలవు? ప్రతి చట్టం అడిగే ప్రశ్న ఒకటే: ఇది పదేపదే జరుగుతోందని రుజువేంటి?

దీనికి తాజా ఉదాహరణ ఒకటి చెప్తాను. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో మద్యం షాపులు మళ్ళీ ప్రైవేటు వాళ్ళకిచ్చారు. అప్పుడు ముఖ్యమంత్రి ప్రకటించిన మాట మీకు గుర్తుండే ఉంటుంది. బెల్టు షాపులకి సరుకు ఇస్తే మొదటిసారి 5 లక్షల జరిమానా, మళ్ళీ చేస్తే లైసెన్సు రద్దు. బాగుంది. పేపర్లో చదివితే ఇంతకంటే కఠినమైన రూలు ఉండదనిపిస్తుంది. కానీ ఆ రూలు మొత్తం “మొదటిసారి” అన్న ఒక్క మాట మీద నిలబడి ఉంది. మొదటిసారి అని రాసేది ఎవరు? ఎక్సైజు వాళ్ళు. వాళ్ళు రాయకపోతే రెండోసారి ఎప్పటికీ రాదు. పది సీసాలు పట్టుకుని, అమ్మే మనిషి మీద కేసు కట్టి, ఆ సీసాలు ఏ షాపు నుంచి వచ్చాయో రాయకపోతే ఆ షాపు జీవితాంతం మొదటి తప్పు కూడా చెయ్యనట్టే. ఆ పది సీసాలు అమ్మిన మనిషి ఎవరో కూడా మనకి తెలుసు, మన పేటలోని వితంతువో, కాలు విరిగి పనికి పోలేనివాడో. జైలుకి పోయేది వాళ్ళు.

అందుకే నేను అనేది, లెక్క మన దగ్గర ఉండాలి. ఫిర్యాదు ఏ శాఖకి పోయినా పోనీ, ఆ ఫిర్యాదు జరిగిందన్న సంగతి మన గ్రామసభ రిజిస్టర్లో, ఒకే పేజీలో, ఆ వ్యాపారం పేరు కింద, తేదీతో పడాలి. దాని మీద గ్రామసభ ఒక రూలు తీర్మానం చెయ్యాలి. ఒక్క ఏడాదిలో వేరువేరు ఇళ్ళ నుంచి భద్రతకి సంబంధించిన మూడు ఫిర్యాదులు వస్తే ఆ యజమానిని సభకి పిలవాలి. పిలిచి అరవడానికి కాదు. ఆయన మాట కూడా వినాలి, రాసుకోవాలి. విన్నాక ఏం మార్చాలో, ఎన్ని రోజుల్లో మార్చాలో చెప్పాలి. లారీలకి పట్టాలు కప్పు, బడి వదిలే టైములో గంటసేపు బండ్లు ఆపు, పేలుళ్ళకి ముందు సైరన్ మోగించు, చీకటి పడ్డాక పేల్చొద్దు. ఇవి కోట్ల ఖర్చు పన్లు కాదు. గడువులోపు చెయ్యకపోతే అప్పుడు లైసెన్సు ఇచ్చిన పంచాయతీకి, సబ్ కలెక్టరుకి, గనుల శాఖకి, కాలుష్య మండలికి ఆ మొత్తం పేజీ నకలు పోవాలి, ఇకమీద రెన్యూవల్‌కి మా సిఫారసు లేదు అన్న తీర్మానంతో.

మూడే ఎందుకు, అయిదు ఎందుకు కాదు అని అడుగుతారు. మీ ఇష్టం, మీ సభ నిర్ణయించుకోండి. నాకైతే బడి పిల్లలు నడిచే దారిలో మూడు కూడా ఎక్కువే అనిపిస్తుంది. మనిషి ప్రాణం పోయిన కేసు అయితే ఒక్కటి చాలు.

ఇది మనం కనిపెట్టిన కొత్త వింత కాదు. మహారాష్ట్రలో ఊరి ఆడవాళ్ళు ఓటేసి సారా షాపు మూయించే పద్ధతి ఉంది. నాలుగో వంతు మహిళా ఓటర్లు సంతకాలు పెడితే ఓటింగ్ పెడతారు, ఊరి మహిళా ఓటర్లలో సగానికి పైగా మూసెయ్యమంటే షాపు మూతే. అదే రాష్ట్రంలో ఆదివాసీలు ఎక్కువగా ఉండే గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం ఉంది, అదీ జనం పోరాడి తెచ్చుకున్నదే. నియమగిరి మీకు చెప్పక్కర్లేదు. 2013లో సుప్రీంకోర్టు గ్రామసభల్ని అడగమంటే పన్నెండు ఊళ్ళ సభలు పెట్టారు, పన్నెండూ వద్దన్నాయి. వేదాంత అంత పెద్ద కంపెనీ ఆగిపోయింది. అక్కడ పనిచేసింది గ్రామసభ పుస్తకంలో రాసి, అధికారుల ముందు చదివిన మాట.

మన పెద్దలకి కూడా ఈ పద్ధతి కొత్త కాదు. పంచాయితీలో ఒకడి మీద మొదటిసారి మాట వస్తే మందలించి వదిలేస్తారు, రెండోసారి తప్పు కట్టిస్తారు, మూడోసారి వచ్చాడంటే ఊరంతా వాడితో మాట్లాడే పద్ధతే మారిపోద్ది. పెద్దల జ్ఞాపకమే మన రిజిస్టరు. కానీ బయటి నుంచి వచ్చిన వ్యాపారానికి ఆ జ్ఞాపకం అంటే భయం లేదు. దానికి కాగితం అంటేనే భయం.

ఇప్పుడు అసలు కష్టమైన విషయం. ఆ క్రషర్ ఎవరి పేరు మీద ఉంది? 1/70 ఉంది, 1997 సమత తీర్పు ఉంది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడికి లీజు కుదరదు. అయినా నడుస్తున్నాయంటే కాగితం మీద పేరు మనవాడిది, గల్లాపెట్టె తాళం ఇంకొకడిది. మీరు గ్రామసభలో లేచి నిలబడి మాట్లాడితే ఎదురుగా వచ్చేది ఆ సేటు కాదు, మీ మేనమామ. “నా పొట్ట కొడతావా అల్లుడూ” అంటాడు. నెలకి ఆయనకిచ్చేది ఎంతో మనకి తెలుసు. ఆ డబ్బుతోనే వాళ్ళ అమ్మాయి నర్సింగు చదువుతోందనీ తెలుసు.

దీనికి నా దగ్గర తేలిక జవాబు లేదు. కానీ రూలు ఆయన పొట్ట కొట్టాలని కాదు కదా. లైసెన్సు మీద పేరున్నవాడు ప్రమాదానికి బాధ్యుడు. రేపు ఒక పిల్లాడు పోతే కేసులో మొదటి పేరు సేటుది కాదు, మామదే. ఆ మాట ఆయనకి చెప్పండి, సభలో కాదు, ముందురోజు రాత్రి ఇంటికెళ్ళి చెప్పండి. మూడు ఫిర్యాదుల రూలు ఉంటే సేటుని నిలదీయడానికి ఆయనకి కూడా ఒక సాకు దొరుకుద్ది. “ఊరు ఒప్పుకోదు, పట్టాలు కప్పు” అని ఆయనే చెప్పొచ్చు.

మనలో మనం మాట్లాడుకోవాల్సిన ఇంకో సంగతి ఉంది, పోస్టుల్లో ఎవరూ రాయరు. ఫిర్యాదుని దందాగా మార్చుకున్నవాళ్ళు మన మండలాల్లో లేరా? సంఘం పేరు చెప్పి క్రషర్ దగ్గరికి పోయి, రాస్తామని బెదిరించి, నెలకింత తెచ్చుకునేవాళ్ళు? ఉన్నారు. వాళ్ళ చేతిలో ఈ రూలు పడితే అది మామూళ్ళ రేటు పెంచే రూలు అవుద్ది. అందుకనే ఫిర్యాదు ఒక నాయకుడి సంతకంతో కాదు, దెబ్బ తగిలిన ఇంటి సంతకంతోనో వేలిముద్రతోనో ఉండాలంటున్నాను. వేరువేరు ఇళ్ళు అన్నది కూడా అందుకే. ఒకే మనిషి మూడుసార్లు రాస్తే అది ఒకటే. వెనక్కి తీసుకోవాలన్నా సభలోనే, అందరి ముందే తీసుకోవాలి, టీ కొట్టు దగ్గర కాదు.

బీద వ్యాపారం మీద ఈ రూలు పడకుండా చూడటం కూడా మన బాధ్యత. సంతలో ఇప్పసారా కుండ పెట్టుకుని కూర్చునే అవ్వ మీద ఫిర్యాదు రాయడం చాలా తేలిక, క్రషర్ మీద రాయడం కష్టం. ఆబ్కారీ వాళ్ళు ఇన్నాళ్ళూ చేస్తున్నది అదే కదా, అవ్వ కుండ పగలగొట్టి టార్గెట్ పూర్తి చేసుకోవడం. మన రిజిస్టర్లో మొదటి పేజీ అవ్వ పేరు మీద తెరుచుకుంటే మనకీ వాళ్ళకీ తేడా ఏముంది? అలాగే టీ కొట్టు నడుపుకునే ఒక అక్క ఉందనుకోండి, రాత్రిపూట తాగొచ్చి అల్లరి చేసేవాళ్ళ మీద ఆమే పోలీసులకి ఫోను చేస్తుంది. ఫోన్లు ఆమె కొట్టు నుంచే ఎక్కువ పోతాయి. పోలీసు లెక్కలో ఆ కొట్టే గొడవల కొట్టు అయిపోద్ది. సాయం అడిగినవాళ్ళ పేరు మీద ఫిర్యాదు లెక్క పడకూడదు, ఇది తీర్మానంలో విడిగా రాయండి. రాయకపోతే రెండోసారి ఆమె ఫోన్ చెయ్యదు.

“ఇలా రూల్సు పెడితే మన దగ్గరికి ఎవరూ రారు, టూరిజం పోద్ది, ఉపాధి పోద్ది” అనేవాళ్ళు వస్తారు. మారేడుమిల్లి, అరకు, వంజంగి వైపు టెంట్లు వేసుకుని నాలుగు రూపాయలు సంపాదిస్తున్న మన కుర్రాళ్ళే ముందు అంటారు. వాళ్ళ బాధ నిజమే. కానీ వాగులో దిగొద్దని బోర్డు పెట్టి, ఒక తాడు, ఒక మనిషిని ఉంచే కుర్రాడికీ, పెద్ద రిసార్టు కట్టి వర్షాకాలంలో కూడా జనాన్ని వాగులోకి పంపేవాడికీ ఇప్పుడు ఒకే మర్యాద దక్కుతోంది. ఒక శవం తేలితే మొత్తం ఏరియా మూసేస్తారు, నష్టపోయేది జాగ్రత్తగా నడిపినవాడు కూడా. వ్యాపారాన్ని బట్టి లెక్క ఉంటే జాగ్రత్తగా ఉన్నవాడి పేజీ ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ పేజీ చూపించి లైసెన్సు రెన్యూవల్ అడగొచ్చు.

ఆఫీసరు ఈ తీర్మానాన్ని పక్కన పడేస్తే? పడేస్తాడు, మొదటిసారి. అందుకే తీర్మానం ఇచ్చేటప్పుడు నకలు మీద సీలు, తేదీ వేయించుకోండి. ముప్పై రోజులు ఆగి, దాని మీద ఏం చేశారో సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఆ జవాబు కూడా అదే పేజీకి అంటించండి. రేపు ఏదైనా జరిగితే, “మాకు తెలీదు” అన్న మాట ఆ ఆఫీసు నోట్లోంచి రాకుండా చేసేది ఆ పేజీయే. హైకోర్టుకి పోవాల్సి వచ్చినా లాయరుగారు మనల్ని మొదట అడిగేది ఆ కాగితాలే.

పనిలోకి దిగే ముందు కొన్ని మాటలు. సభకి కనీసం వారం ముందు టముకు వేయించండి, వాట్సాప్ గ్రూపు సరిపోదు, అవ్వాతాతల దగ్గర ఫోన్లు లేవు. ఎజెండాలో ఈ విషయం రాయించండి, రాయకపోతే తర్వాత చెల్లదంటారు. పనుల కాలంలో, విత్తనాలప్పుడో కోతలప్పుడో పెట్టకండి, జనం రారు. కోరం లేదనడమే వాళ్ళకి కావాల్సింది. తీర్మానం మన భాషలో చదివి వినిపించండి. కోయ, కొండరెడ్డి, వాల్మీకి, భగత, సవర, ఎవరి ఊళ్ళో ఎవరి మాట ఉంటే ఆ మాటలో. ఆ తర్వాతే తెలుగులో రాయండి. ఆడవాళ్ళు సగం మంది లేకుండా సభ మొదలుపెట్టొద్దు. క్రషర్ దుమ్ము ఎవరి గిన్నెల మీద పడుతుందో, బెల్టు షాపు నుంచి వచ్చిన మనిషి ఎవరి జుట్టు పట్టుకుంటాడో వాళ్ళే చెప్పాలి.

రిజిస్టరు పంచాయతీ సెక్రటరీ దగ్గర పెట్టకండి. ఆయన ఉండేది మండలంలో, బదిలీ అయితే పుస్తకం కూడా పోద్ది. డ్వాక్రా సంఘం లెక్కలు రాసే చెల్లెలు ప్రతి ఊళ్ళో ఒకరుంటారు, అప్పు పుస్తకం ఒక్క రూపాయి తేడా రాకుండా రాస్తుంది. ఆమెకివ్వండి. పేజీలకి ముందే నంబర్లు వేసి, మొదటి పేజీలో మొత్తం ఎన్ని పేజీలో రాసి, సర్పంచుతో, ఊరి పెద్దతో సంతకం పెట్టించండి, మధ్యలో చింపడానికి లేకుండా. నెలకోసారి ప్రతి పేజీ ఫోటో తీసి ఇద్దరు ముగ్గురు ఫోన్లలో ఉంచండి. మా ఏడు కాగితాలూ ఇప్పుడు అలాంటి పుస్తకంలో మొదటి నాలుగు పేజీల్లో అంటించి ఉన్నాయి, చెదలు తిన్నది కూడా. వచ్చే సభలో అవి చదువుతున్నాం, క్రషర్ యజమానికి నోటీసు పోయింది.